రెండు మార్కుల్లో పోయిన గ్రూప్, ఇంట్లో చెప్పని మూడేళ్లు

ఈసారి ఉత్తరం ఇరవై మూడేళ్ల తమ్ముడి దగ్గర్నుంచి. ఊరి పేరు రాయొద్దన్నాడు కాబట్టి గుంటూరు జిల్లా అని మాత్రం చెప్తాను. బీకాం అయింది. సీఏ, అంటే చార్టర్డ్ అకౌంటెన్సీ కోర్సులో మొదటి మెట్టైన ఫౌండేషన్ మొదటిసారే దాటాడు. విజయవాడలో హాస్టల్లో ఉండి రెండో మెట్టైన సీఏ ఇంటర్‌కి కోచింగ్ తీసుకున్నాడు. ఈ జనవరిలో మూడేసి పేపర్లున్న రెండు గ్రూపులూ కలిపి రాస్తే గ్రూప్ 2 వచ్చింది, గ్రూప్ 1 పోయింది. అకౌంట్స్ 64, లా 41, ట్యాక్స్ 37. మేలో అకౌంట్స్‌కి ఎగ్జెంప్షన్ (మళ్లీ రాయకుండా పాత మార్కులే ఉంచుకోవడం) పెట్టుకుని మిగతా రెండూ రాశాడు. లా 44, ట్యాక్స్ 40 వచ్చాయి. విడివిడిగా అన్నీ పాసే, కలిపితే మాత్రం 148. కావలసింది 150. సెప్టెంబర్‌లో ట్యాక్స్ 53కి పెరిగింది, లా 37కి పడిపోయింది. పది రోజుల క్రితం ఆ రిజల్ట్ చూసి కూర్చుని రాసిన ఉత్తరం ఇది.

ఇంటి సంగతి కూడా రాశాడు. నాన్నగారు రైస్ మిల్లులో గుమాస్తా, ఈ మధ్య మోకాళ్ల నొప్పులతో సగం రోజులే వెళ్తున్నారు. కోచింగ్ ఫీజు కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టారు, అది ఇంకా విడిపించలేదు. చెల్లి బీటెక్ రెండో సంవత్సరం. ఫ్రెండ్ వాళ్ల బాబాయి పనిచేసే హైదరాబాద్ కంపెనీలో అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో నెలకి 18 వేల ఉద్యోగం ఉందన్నారు, డిసెంబర్ ఒకటికల్లా చేరాలట. మేనమామేమో ఒక గ్రూప్ చేతిలో ఉంది కదా, దాంతో ఆర్టికల్‌షిప్‌లో, అంటే సీఏ ఆఫీసు ట్రైనింగ్‌లో, చేరిపో అంటున్నాడు. బావగారు ఈ గోలంతా వదిలేసి ఏసీసీఏ అనే బ్రిటన్ అకౌంటింగ్ కోర్సు చెయ్యమంటున్నారు. "అక్కా, మూడుసార్లు రాసినా ఒక గ్రూప్ రానివాడు సీఏకి పనికొస్తాడా? ఉద్యోగంలో చేరిపోనా?" అని అడిగాడు. వచ్చే జనవరే తనకి "చివరి ఛాన్స్" అని కూడా రాశాడు. చివర్లో, సంతకానికి ముందు, ఒక్క వాక్యం రాశాడు: "జనవరిలో పాసైతే ఇంక జీతం మొదలైపోతుందని నాన్నకి చెప్పాను."

తమ్ముడూ, నీ ఉత్తరం చదివితే రెండు లెక్కలు కనిపించాయి. ఒకటి మార్కుల లెక్క, రెండోది ఇంటి లెక్క. మార్కుల లెక్క నువ్వు అనుకుంటున్నంత ఘోరంగా లేదు. ఇంటి లెక్క మాత్రం నువ్వు ఇంట్లో చెప్పినంత బాగా లేదు. ఈ రెండింటినీ కలిపేసి "నేను పనికొస్తానా" అనే ఒక్క ప్రశ్న చేసి పెట్టుకున్నావు కాబట్టి దానికి ఎవరు ఏం చెప్పినా నీకు టెన్షన్ తగ్గదు.

ముందు మార్కులు. పేపర్‌కి 40, గ్రూప్ మొత్తం మీద సగం, అంటే 300కి 150. అకౌంట్స్ 64 నీ ఖాతాలో ఉంది. అంటే లా, ట్యాక్స్ రెండూ కలిపి 86 వస్తే చాలు, ఏదీ 40కి తగ్గకూడదు. లాలో నీకు ఒకసారి 44 వచ్చింది, ట్యాక్స్‌లో ఒకసారి 53 వచ్చింది. రెండూ కలిపితే 97. అవి ఒకే సిట్టింగ్‌లో పడలేదు, అంతే జరిగింది. మేలో రెండు మార్కులు తక్కువైనవాడు, సెప్టెంబర్‌లో మొత్తం దాటి ఒక్క పేపర్లో మూడు మార్కులు తక్కువైనవాడు పనికిరానివాడని నేను చచ్చినా అనను. అలాగని నీకు అన్యాయం జరిగింది అని కూడా అనను. సెప్టెంబర్‌లో ఏం జరిగిందో నీ మార్కులే చెప్తున్నాయి. మేలో అగ్రిగేట్, అంటే మొత్తం మార్కులు, పోయింది కాబట్టి ఆ తర్వాత నాలుగు నెలలూ ట్యాక్స్ మీద పడ్డావు, లా 44 ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నావు. కాదంటే నాకు మళ్లీ రాయి, కానీ ఇలా జరగడం ఎంతమంది పిల్లల్లో చూశానో.

లా పేపర్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే వచ్చే జనవరి పరీక్ష మొత్తం దాని మీదే ఉంది. వందలో 70 కంపెనీ లా, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యాల) చట్టం. మిగతా 30 జనరల్ క్లాజెస్ చట్టం, ఇంటర్‌ప్రిటేషన్ (చట్టాల అర్థం చెప్పుకునే పద్ధతి), ఫెమా (విదేశీ మారకపు చట్టం). ఈ 30ని చాలామంది చివరి మూడు రోజులకి వదిలేస్తారు, చదివేది కాస్త తక్కువ, మార్కులు మాత్రం పూర్తిగా ఇస్తుంది, దాన్నెందుకు వదులుకుంటారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఇక జవాబు రాసే పద్ధతి. "ఈ సందర్భంలో డైరెక్టర్ చేసింది చెల్లుతుందా" అని అడిగితే, చట్టంలో ఉన్న నియమం ఒక పేరా, ప్రశ్నలో ఉన్న విషయానికి దాన్ని ముడిపెట్టి ఒక పేరా, చివర్న చెల్లుతుందో చెల్లదో తెగేసి ఒక వాక్యం. 37, 41, 44 దగ్గర ఆగిపోయే పేపర్లలో ఎక్కువగా నేను చూసే లోపం, మొదటి పేరా పేజీన్నర ఉంటుంది, రెండోది ఉండదు, మూడోది "కాబట్టి పై విధంగా" అని ముగుస్తుంది. నియమం తెలుసని చూపించావు, వాడటం తెలుసని చూపించలేదు. సెక్షన్ నంబర్ గుర్తు లేకపోతే రాయకు, తప్పు నంబర్ రాసి చూసేవాళ్లకి అనుమానం తెప్పించడం కన్నా కంపెనీల చట్టం, 2013 ప్రకారం అని రాసి నియమం సరిగ్గా చెప్పడం మేలు.

ఇది నా ఊహే కాబట్టి దీన్ని నమ్మి కూర్చోకు. నీ సెప్టెంబర్ లా పేపర్‌కి సర్టిఫైడ్ కాపీ, అంటే దిద్దిన నీ జవాబు పత్రం నకలు, తెప్పించుకో. రిజల్ట్ వచ్చిన 30 రోజుల్లోపు సీఏ ఇన్‌స్టిట్యూట్‌కి అప్లై చెయ్యాలి, నీకు పది రోజులు అయిపోయాయి. మార్కులు పెరుగుతాయనే ఆశతో చెయ్యొద్దు, దానికి వెరిఫికేషన్ అని వేరే అప్లికేషన్ ఉంది, అందులో కూడా కూడిక తప్పిందా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారా అని చూస్తారే తప్ప మళ్లీ దిద్దరు. నీ రాత నువ్వు చూసుకోవడానికి చెయ్యి. ఇన్‌స్టిట్యూట్ ప్రతి పరీక్ష తర్వాత సజెస్టెడ్ ఆన్సర్స్ (నమూనా జవాబులు) పెడుతుంది, వాటిని పక్కన పెట్టుకుని నీ కాపీ చదివితే ఏ కోచింగ్ సారూ చెప్పనిది గంటలో తెలుస్తుంది. ఇంకో మాట, ప్రతి పేపర్లో 30 మార్కులకి ఎంసీక్యూలు, తప్పు రాస్తే మార్కులు కోయరు. ఆ ముప్ఫైలో నీకు ఎన్ని వస్తున్నాయో నీ ఉత్తరంలో లేదు. మాక్ టెస్టుల్లో అవి 18, 20 దాటకపోతే అసలు సమస్య జవాబుల రాతలో కాకుండా అక్కడే ఉండొచ్చు.

ఇప్పుడు నువ్వు రాసిన "చివరి ఛాన్స్" సంగతి. సగం నిజం. 60, అంతకన్నా ఎక్కువ వచ్చిన పేపర్‌కి ఇచ్చే ఎగ్జెంప్షన్ తర్వాతి మూడు అటెంప్ట్‌ల వరకే. నీకు మే అయింది, సెప్టెంబర్ అయింది, వచ్చే జనవరి మూడోది. అక్కడ కూడా రాకపోతే సీఏ తలుపు మూసుకుపోదు, రెండు దారులు ఉంటాయి. ఒకటి, అకౌంట్స్‌తో సహా మూడూ మళ్లీ రాయడం, మామూలు రూల్సే, పేపర్‌కి 40, మొత్తం 150. రెండు, 2023లో వచ్చిన కొత్త స్కీమ్‌లో ఇచ్చిన వెసులుబాటు, అకౌంట్స్ ఎగ్జెంప్షన్‌ని శాశ్వతంగా ఉంచుకోవచ్చు, కానీ అప్పుడు మిగిలిన ప్రతి పేపర్లో 50 తెచ్చుకోవాలి. వినడానికి రెండోది హాయిగా ఉంటుంది. నీకు లాలో ఇప్పటిదాకా వచ్చిన ఎక్కువ మార్కులు 44. ఆ పరిస్థితి వస్తే నేనైతే మూడూ మళ్లీ రాయమనే అంటాను, అకౌంట్స్ నీకు బలం కాబట్టి అందులో వచ్చే ఎక్కువ మార్కులు మొత్తానికి సాయం చేస్తాయి. అదప్పటి సంగతి. ఇప్పుడు కావలసినది ఏంటంటే వచ్చే జనవరి మిగతా వాటికన్నా చవకైన అటెంప్ట్, రెండే పేపర్లు, 86 మార్కులు. ఇంత తక్కువ ఖరీదుకి ఈ గ్రూప్ నీకు మళ్లీ దొరకదు. పరీక్ష ఫారం నింపావో లేదో నువ్వు రాయలేదు. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు అది చూసుకో.

మేనమామ మాట గురించి ఒక్క ముక్క. ఆయన అబద్ధం చెప్పట్లేదు, పాత రూల్ చెప్తున్నాడు. ఒకప్పుడు ఇంటర్లో ఏదో ఒక గ్రూప్ వస్తే ఆర్టికల్‌షిప్‌లో చేరనిచ్చేవాళ్లు, మూడేళ్లు చెయ్యాల్సి వచ్చేది. 2023 జులై నుంచి రెండు గ్రూపులూ దాటాలి, ఆర్టికల్‌షిప్ రెండేళ్లు. కాబట్టి ఆ దారి నీకు లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. జనవరిలో పాసైతే జీతం మొదలవుతుందని నాన్నగారికి చెప్పావు. తమ్ముడూ, మొదలవదు. అన్నీ సవ్యంగా జరిగాయే అనుకుందాం. జనవరిలో రాస్తావు, మార్చి నాటికి రిజల్ట్, ఆర్టికల్‌షిప్‌కి ముందు చెయ్యాల్సిన ఐసీఐటీఎస్ఎస్ ట్రైనింగ్ మిగిలి ఉంటే అది పూర్తి చేసి ఎండాకాలానికి ఎక్కడో ఒక ఆఫీసులో ఆర్టికల్‌గా చేరతావు. అక్కణ్నుంచి రెండేళ్లు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగి ఫైనల్, ఆరు పేపర్లు, వాటికి ముందు నాలుగు సెల్ఫ్ పేస్డ్ మాడ్యూల్స్ (మన వీలుని బట్టి చదివి పూర్తి చేసేవి). ఈ రోజు నుంచి లెక్కేస్తే మూడేళ్లు దాటుతుంది, అదీ ఫైనల్ ఒక్కసారికే వస్తే. ఈ మధ్యలో నీ చేతికి వచ్చేది స్టైపెండ్. కనీసం ఎంత ఇవ్వాలో ఆఫీసు ఉన్న ఊరి జనాభాని బట్టి ఇన్‌స్టిట్యూట్ నిర్ణయిస్తుంది, పెద్ద ఫర్మ్‌లు అంతకన్నా బాగా ఎక్కువే ఇస్తాయి, చిన్నవాటిలో ఆ కనీసం దగ్గరే ఆగుతుంది. హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు కట్టి చూసుకుంటే నెలాఖరుకి ఇంటికి పంపడానికి మిగలదు, కొన్ని నెలలు ఇంటి నుంచే అడగాల్సి వస్తుంది. ఆర్టికల్‌గా ఉంటూ పక్కన ఇంకో ఉద్యోగం చేసుకునే వీలు కూడా లేదు.

ఇది నీకు తెలియదని నేను అనుకోవడం లేదు. ఇంటర్ రాసేవాడికి ఇది తెలియకుండా ఉండదు. నాన్నగారి మోకాళ్లు, అమ్మ గొలుసు చూసి నోరు రాక, ఆ పూటకి వాళ్లని ఊరుకోబెట్టడానికి అన్నావు. కానీ దాని పర్యవసానం చూడు. జనవరిలో ఫెయిలైతే ఒక బాధ, పాసైతే ఇంకా పెద్ద బాధ. పాసైన మర్నాడు ఇంట్లో అందరూ జీతం ఎప్పుడు అని అడుగుతారు, ఆ రోజు నువ్వు మూడేళ్ల సంగతి చెప్పాలి. పాసవడానికి కూడా భయపడే స్థితిలో చదివితే లా ఎలా ఎక్కుతుంది? సెప్టెంబర్‌లో ఆ పేపర్ పడిపోవడానికి ఇది కూడా ఒక కారణమేమో ఆలోచించు.

నాన్నగారు గుమాస్తా. జీవితమంతా ఇంకొకరి జమా ఖర్చులు రాసిన మనిషి. ఆయన దగ్గర నీళ్లు నమలకుండా కాగితం తీసుకుని కూర్చో. ఇంటికి నెలకి ఎంత కావాలి, చెల్లి ఫీజు ఏ నెలలో ఎంత, గొలుసు మీద వడ్డీ ఎంత పెరుగుతోంది, ఆయన ఇంకా ఎన్నాళ్లు వెళ్లగలరు, ఈ మూడేళ్లలో నీ వైపు నుంచి ఎంత వస్తుంది, ఎంత రాదు. కోప్పడతారు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అడగనీ. చెల్లి చదువుకి ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే ఆ భారం ఇప్పుడు మీద పడకుండా ఆగుతుందా అన్నది కూడా ఆ కాగితం మీదే తేలాలి, చెల్లిని కూడా కూర్చోబెట్టుకుని. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లు ఉంటాయి, తనకేమీ తెలియకూడదని దాచడం ఎందుకు?

ఆ లెక్క తేలాకే ఉద్యోగం సంగతి. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, కంపెనీ వాళ్లని చేరే తేదీ ఫిబ్రవరి ఒకటికి మార్చమని అడగడం. జనవరిలో పరీక్ష ఉంది, అయ్యాక చేరతాను అని ఉన్నదున్నట్టు చెప్పు. అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో సీఏ ఇంటర్ ఒక గ్రూప్ పాసైనవాడు 18 వేలకి వస్తున్నాడంటే వాళ్లకీ అది మంచి బేరమే, రెండు నెలలు ఆగే అవకాశం ఉంది. ఒప్పుకుంటే ఏడెనిమిది వారాలు రెండు పేపర్లకి పూర్తిగా దొరుకుతాయి. ఒప్పుకోకపోతే ఉద్యోగం చెయ్యి జారుతుంది, దానికి నువ్వు సిద్ధపడాలి. ఇంకో చిక్కు కూడా ఉంది, ఫిబ్రవరిలో చేరి, మార్చిలో పాసైతే రెండు నెలలకే మానేసి ఆర్టికల్‌షిప్‌కి వెళ్లాలి. ఫ్రెండ్ బాబాయి ద్వారా వచ్చిన ఉద్యోగం కాబట్టి ఆయనకి ఆ మాట ముందే చెప్పు, తర్వాత మొహం చెల్లకుండా చేసుకోకు.

రెండోది, డిసెంబర్ ఒకటికే చేరి, పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు చదివి జనవరి రాయడం. రెండే పేపర్లు కాబట్టి అసాధ్యం అనను, చేసినవాళ్లు ఉన్నారు. కానీ కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, ప్రతి నెలా ఇరవయ్యో తారీకులోపు జీఎస్టీ రిటర్నుల హడావిడి, పరీక్ష రోజులకి సెలవు ఇస్తారో లేదో తెలియదు. చవకైన అటెంప్ట్ అన్నాను చూడు, దాన్ని ఇలా సగం మనసుతో ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో డిసెంబర్ జీతం లేకపోతే నిజంగానే పొయ్యి వెలగదు అనే స్థితి ఉంటే మాత్రం ఇదే దారి, అప్పుడు నా ఇష్టంతో పనిలేదు. చేరేముందే పరీక్ష సెలవులు ఖాయం చేసుకో, నోటిమాట కాకుండా మెయిల్లో.

మూడోది, సీఏని కొన్నాళ్లు పక్కన పెట్టడం. ఇది ఓటమి అని నీ చుట్టూ ఉన్నవాళ్లు అంటారు, నేను అనను. ఏడాదో ఏడాదిన్నరో ఉద్యోగం చేసి, గొలుసు విడిపించి, చెల్లి చదువు ఒడ్డున పడ్డాక మళ్లీ రావచ్చు, ఇంటర్ పరీక్షలు ఏటా జనవరి, మే, సెప్టెంబర్ మూడుసార్లు జరుగుతున్నాయి. నష్టం కూడా చెప్తాను. అకౌంట్స్ ఎగ్జెంప్షన్ పోతుంది లేదా 50 షరతుతో ఉంటుంది, ట్యాక్స్‌లో ప్రతి ఏడూ బడ్జెట్ మార్పులు వచ్చి చదివింది పాతబడుతుంది, నెల నెలా జీతానికి అలవాటు పడ్డాక దాన్ని వదిలి స్టైపెండ్‌కి దిగడం మనసుకి చాలా కష్టం. గ్రూప్ 2 పాసైంది మాత్రం ఎక్కడికీ పోదు.

బావగారి ఏసీసీఏ సంగతి. మంచి చదువే, 13 పేపర్లు, పేపర్‌కి 50 పాస్ మార్కు, నీ డిగ్రీని బట్టి కొన్ని మినహాయిస్తారు, మూడేళ్ల అనుభవం చూపించాలి. ఫీజులు పౌండ్లలో కట్టాలి, మీ ఇంటి పరిస్థితిలో అదే మొదటి అడ్డం. మన దేశంలో కంపెనీల స్టాట్యుటరీ ఆడిట్ (చట్టం ప్రకారం తప్పనిసరి ఆడిట్) మీద సంతకం పెట్టే హక్కు సీఏకే ఉంది, ఏసీసీఏకి లేదు. నీకు సొంత ప్రాక్టీస్ పెట్టాలని ఉందా, పెద్ద కంపెనీలో ఉద్యోగం చేయాలని ఉందా అన్నది నువ్వు ఎక్కడా రాయలేదు, రెండోదైతే ఏసీసీఏ, సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) రెండూ ఆలోచించదగ్గవే. సీఎంఏలో అయితే డిగ్రీ ఉంది కాబట్టి నేరుగా ఇంటర్లో చేరొచ్చు, నువ్వు చదివిన సిలబస్ చాలావరకు అక్కడా పనికొస్తుంది. కానీ రిజల్ట్ వచ్చిన పది రోజుల్లో కోర్సు మార్చే నిర్ణయం తీసుకోకు. 86 మార్కుల దూరంలో ఉన్నది వదిలి కొత్తగా మొదలుపెడితే అక్కడా మొదటి ఫెయిల్ రాగానే ఇదే ప్రశ్న వస్తుంది.

నా మొగ్గు ఎటో నీకు అర్థమయ్యే ఉంటుంది, మొదటి దారి వైపు. కానీ మీ ఇంట్లో డబ్బు ఎన్ని నెలలకి సరిపోతుందో నాకు తెలియదు, నాన్నగారికి తెలుసు. ఆయనతో మాట్లాడాక కాగితం మీద వేరే లెక్క తేలితే దాని ప్రకారమే వెళ్లు, నేను ఇలా అన్నానని పట్టుకు కూర్చోకు.

ఈ వారం చేయాల్సినవి మాత్రం ఏ దారికైనా ఒకటే. ఈ రోజు ఫారం, సర్టిఫైడ్ కాపీ అప్లికేషన్. శనివారం ఊరెళ్లి నాన్నగారితో కూర్చోవడం, ఫోన్‌లో కాదు. సోమవారం కంపెనీకి ఫోన్ చేసి ఫిబ్రవరి సంగతి అడగడం. వాళ్లు ఏమన్నారో, ఎంసీక్యూల్లో నీకు ఎన్ని వస్తున్నాయో నాకు రాయి, లా పేపర్ కాపీ చేతికొస్తే అది కూడా పంపు, చూసి చెప్తాను.